గౌను అంచును నిర్ణయించినదెవరు?

పాశ్చాత్య దేశాల స్త్రీలు గౌను అంచును గురించి ఇరవైమూడేళ్ల వ్యవధిలో రెండుసార్లు బాహాటంగా తగవుపడ్డారు. మొదటిది 1947లో, రెండవది 1970లో. రెండుసార్లూ ఎదుటిపక్షం ఒకటే. ఏ సంవత్సరం గౌను ఎంత పొడవుండాలో శాసించే దుస్తుల రూపకర్తలు, ఆ శాసనాన్ని లోకమంతటా చాటే పత్రికలు, ఆ ప్రకారం సరుకు నింపుకొనే పెద్ద దుకాణాలు. రెండుసార్లూ వచ్చిన ఆజ్ఞ కూడా ఒకటే: అంచు కిందికి దిగాలి. మొదటిసారి స్త్రీలు ఓడిపోయారు. రెండవసారి గెలిచారు. ఈ మధ్యకాలంలో ఏమి జరిగిందో విచారిస్తే, 1960ల నాటి వేషాల వెనుక దాగిన అసలు కథ బయటపడుతుంది.

తెలుగు పాఠకులకు ఈ తగవు కొంత వింతగా తోచవచ్చు. మన చీరకు అంచు ఉన్నది. ఆ అంచు జరీదా, నూలుదా అన్న చర్చా ఉన్నది. కాని ఈ ఏడు అది చీలమండకు ఎన్ని అంగుళాల ఎత్తున ఉండాలో దూరదేశపు పెద్దమనిషి ఒకడు నిర్ణయించడం, దానిని కోట్లాది స్త్రీలు తలవంచి పాటించడం మనం ఎరుగము. ఐరోపాలో, అమెరికాలో అది ఏటేటా జరిగే తంతు.

1947 ఫిబ్రవరిలో క్రిస్టియన్ దియోర్ పారిస్‌లో తన తొలి ప్రదర్శన ఏర్పాటు చేశాడు. యుద్ధకాలంలో బట్ట దొరకక స్త్రీలు మోకాళ్ల దాకా వచ్చే పొదుపు గౌనులతో, సైనికుల కోటులను తలపించే వెడల్పు భుజాలతో కాలం గడిపారు. దియోర్ ఆ రూపాన్ని పూర్తిగా తలకిందులు చేశాడు. నడుమును బిగించాడు, గౌను అంచును పిక్కల కిందిదాకా దించాడు, ఒక్కొక్క గౌనుకు గజాలకు గజాలు బట్ట గుమ్మరించాడు. ఇంగ్లండులో అప్పటికింకా బట్టల రేషను తొలగలేదు. అది తొలగింది 1949లో. ఆ వేషంలో పెళ్లికూతురిలా నిలబడవచ్చు కాని, బస్సు వెంట పరుగెత్తడం సాధ్యం కాదు. యుద్ధంలో ఫ్యాక్టరీలలో, కార్యాలయాలలో పనిచేసిన స్త్రీలను తిరిగి ఇంటికి పంపుతున్న రోజులవి. కాబట్టి ఆ బిగింపు నడుముకు, ఆ బరువు అంచుకు వేరే అర్థం కూడా లేకపోలేదు.

అమెరికాలోని డల్లాస్ నగరంలో కొందరు స్త్రీలు ఎదురుతిరిగారు. 'మోకాలికి కాస్త దిగువ' అన్న అర్థం వచ్చే పేరుతో సంఘం పెట్టారు. అది ఇతర రాష్ట్రాలకూ పాకింది. ఊరేగింపులు జరిగాయి. కాని దుకాణాలలో పొడవు గౌనులు తప్ప వేరేవి దొరకడం మానివేశాయి. కొద్దికాలంలోనే సంఘం సద్దుమణిగింది, అంచులు దిగాయి. బట్ట కొనే డబ్బు చాలామందికి భర్త జేబులో నుంచే రావలసి ఉన్నది; కొనవలసిన బట్ట ఏదో పారిస్ నిర్ణయిస్తున్నది. చేతిలో ఏదీ లేనివారి నిరసన ఎంతకాలం నిలుస్తుంది?

ఈ ఏర్పాటుకు గండికొట్టినది రాజకీయవేత్త కాదు, తత్త్వవేత్త కాదు. ఇద్దరు బడిపంతుళ్ల కూతురు. మేరీ క్వాంట్ 1930లో లండన్‌లో పుట్టింది. తల్లి, తండ్రి ఇరువురూ ఉపాధ్యాయులు. కూతురు దుస్తుల రూపకల్పన నేర్చుకుంటానంటే వారు ఒప్పుకోలేదు. అది స్థిరమైన బతుకుతెరువు కాదని వారి భయం. ఆనాటి ఉపాధ్యాయ కుటుంబాలలో ఇది సహజమే. రాజీగా, చిత్రకళ బోధించే అర్హత సంపాదించుకోవడానికి ఆమెను గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో చేర్చారు. ఆమె కళాశాలకైతే వెళ్లింది కాని, పంతులమ్మ కాలేదు.

ఇక్కడ ఉపాధ్యాయ పాఠకులు గమనించదగిన విషయం ఒకటున్నది. క్వాంట్ బాల్యంలో ఇంగ్లండులోని అనేక ప్రాంతాలలో పంతులమ్మ పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదులుకోవలసిందే. ఆ నిబంధనను రద్దు చేసింది 1944 నాటి విద్యాశాసనం. ఒకే తరగతికి ఒకే పాఠం చెప్పే మగపంతులుతో సమానంగా పంతులమ్మకు జీతం ఇవ్వడానికి ఒప్పుకున్నది 1955లో. అదీ ఒక్కసారిగా కాదు, ఏటికింత చొప్పున పెంచుతూ 1961 నాటికి పూర్తిచేశారు. అంటే, మోకాలిపైకి అంచు ఎక్కడానికి ముందే ఆ దేశపు బడులలో, కార్యాలయాలలో స్త్రీ చేతికి సొంత జీతం చేరడం మొదలయింది. వేషం మారడం వల్ల స్వాతంత్ర్యం రాలేదు. కొద్దిగా వచ్చిన స్వాతంత్ర్యం వేషాన్ని వెదుక్కున్నది. ఈ వరస తలకిందులు చేసి చెప్పేవారు చాలామంది ఉన్నారు.

1955లో క్వాంట్, ఆమెకు తరువాత భర్త అయిన అలెగ్జాండర్ ప్లంకెట్ గ్రీన్, మిత్రుడు ఆర్చీ మెక్‌నేర్ కలసి లండన్‌లోని చెల్సీ ప్రాంతంలో, కింగ్స్ రోడ్డు మీద 'బజార్' అనే దుకాణం తెరిచారు. మొదట ఇతరులు కుట్టిన బట్టలే అమ్మారు. తాను కోరిన విధమైనవి దొరకకపోయేసరికి క్వాంట్ తానే కుట్టనారంభించింది. ఆమెకు కత్తిరింపు విద్య సరిగా రాదు. సాయంకాలపు తరగతులకు వెళ్లి నేర్చుకున్నది. బజారులో అందరికీ దొరికే కాగితపు నమూనాలను కొని తన ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నది. టోకున బట్ట కొనాలని తెలియక పెద్ద దుకాణంలో చిల్లర ధరకే కొన్నది. తాను అద్దెకుంటున్న గదిలోనే కుట్టుమిషన్లు పెట్టించింది. ఒకరోజు అమ్మకం సొమ్ముతో మరునాటి గౌనులకు బట్ట తెచ్చేది. వ్యాపారశాస్త్రం చదివినవారెవరూ ఇట్లాంటి వ్యాపారం నిలుస్తుందని చెప్పరు. నిలిచింది. సాయంకాలం కార్యాలయాలు మూసిన తరువాత కూడా దుకాణం తెరిచి ఉండేది. పగలంతా టైపు కొట్టే పిల్లలు ఆ వేళకే కదా రాగలరు!

ఆ పిల్లలే ఆమెకు గురువులు. వారు అంచును ఇంకా పైకి, ఇంకా పైకి అని అడిగేవారట. పొట్టి గౌనును కనిపెట్టినది తాను కాదనీ, కింగ్స్ రోడ్డు పిల్లలేననీ క్వాంట్ తరువాత పలుమార్లు చెప్పింది. పారిస్‌లో ఆంద్రే కురేజ్ కూడా 1964, 1965 సంవత్సరాలలో మోకాలి పైకి వచ్చే గౌనులను ప్రదర్శించాడు కాబట్టి ఈ ఘనత ఎవరిదన్న వాదం నేటికీ తెగలేదు. ఆ వాదం అంత ముఖ్యం కాదు. ముఖ్యమైనది దిశ మారడం. అంతకుముందు వేషం పైనుంచి కిందికి ప్రవహించేది. పారిస్‌లో రాణులకు, ధనికుల భార్యలకు కుట్టినదాని నకలు రెండేళ్లకు గుమాస్తా పిల్లకు చేరేది. ఇప్పుడు గుమాస్తా పిల్ల వీధిలో తొడుక్కున్నదానిని ధనికుల భార్యలు అనుకరించసాగారు. తల్లి కూతురి వేషం వేసుకోవడం లోకానికి కొత్త. అంతవరకు పద్దెనిమిదేళ్లు నిండిన పిల్ల ఒక్కసారిగా తన తల్లిలా తయారయ్యేది.

క్వాంట్ పెట్టిన పేరు 'మినీ'. 1959లో వచ్చిన చిన్నకారు మీది ఇష్టంతో ఆమె ఆ పేరు ఎన్నుకున్నది. ఆ కారు కూడా సొంత సంపాదన గల యువతులు కొనగలిగినదే.

ధర సంగతి ఇంకా స్పష్టంగా చెప్పేది బార్బరా హులానికీ కథ. 1964లో 'డెయిలీ మిర్రర్' పత్రికలో ఆమె గులాబిరంగు గళ్ల గౌను ఒకటి ప్రకటితమయింది. వెల 25 షిల్లింగులు. తపాలా ద్వారా సుమారు 17 వేల ఆర్డర్లు వచ్చాయి. ఆ డబ్బుతోనే 'బిబా' దుకాణం నిలదొక్కుకున్నది. క్వాంట్ గౌనులు అంత చవక కావు. మామూలు గుమాస్తా పిల్ల వాటి కోసం కొంతకాలం కూడబెట్టవలసి వచ్చేది. 'బిబా'లో మాత్రం వారం జీతం అందిన రోజునే కొనుక్కొని ఆ రాత్రికే తొడుక్కోవచ్చు. 1964 నుంచి క్వాంట్ కూడా తన గౌనుల కాగితపు నమూనాలను అమ్మించింది. ఇంట్లో మిషను ఉన్న పిల్ల తానే కుట్టుకోగలిగింది.

పొట్టి గౌను ఒంటరిగా రాలేదు. దాని వెంట చిన్న చిన్న వస్తువులు కొన్ని వచ్చాయి. వాటిని గురించి చరిత్రకారులు తక్కువగా వ్రాస్తారు. అంతవరకు స్త్రీలు తొడ దాకా వచ్చే మేజోళ్లను నడుముపట్టీకి వేలాడే కొక్కేలతో బిగించేవారు. కూర్చున్నా, వంగినా ఆ పట్టీ కోసేది. అంచు పైకెక్కితే ఆ కొక్కేలు బయటపడతాయి. నడుము నుంచి పాదం దాకా ఒకే ముక్కగా అల్లిన నైలాను మేజోళ్లను 1959లో అమెరికాలోని ఉత్తర కరోలినా మిల్లొకటి విపణికి తెచ్చింది. మొదట పెద్దగా అమ్ముడుపోని ఆ సరుకు మినీతో ఇంటింటికీ చేరింది. నడుముపట్టీ మూలపడింది. ఎత్తుమడమల జోళ్ల స్థానంలో చదునైన జోళ్లు, బూట్లు వచ్చాయి. జుట్టు సంగతి కూడా అంతే. వారానికొకసారి మంగలిదుకాణంలో గంటల తరబడి వేడిగాలి టోపీ కింద కూర్చుని చుట్టలు తిప్పించుకుని, ఆ చుట్టలు చెదరకుండా వారమంతా తల కాపాడుకోవడం ఆనాటి గృహిణుల వ్రతం. లండన్ క్షురకుడు విడాల్ ససూన్ జుట్టును జ్యామితి బొమ్మలాగా కత్తిరించాడు. తలంటుకుని విదిలిస్తే తిరిగి అదే రూపంలో నిలిచేది. మిగిలిన గంటలు స్త్రీవే అయ్యాయి. గౌను పొట్టిదనం కన్న ఈ మిగిలిన గంటలే ఆమె జీవితానికి ఎక్కువ మేలు చేసి ఉండవచ్చు.

నవ్వు పుట్టించే ఘట్టాలూ లేకపోలేదు. బ్రిటిష్ ప్రభుత్వం పెద్దల బట్టల మీద కొనుగోలు పన్ను వేసేది. పిల్లల బట్టలకు పన్ను లేదు. పిల్లల గౌను ఏది, పెద్దల గౌను ఏది అని తేల్చడానికి అధికారులు పొడవు కొలిచేవారు. అంచు ఎంతగా పైకి పోయిందంటే, పెళ్లీడు పిల్లల గౌనులు సైతం పన్నులేని పసిపిల్లల గౌనుల లెక్కలో పడసాగాయి. చివరికి ప్రభుత్వం పొడవును వదిలి ఛాతీ కొలతను ఆధారంగా తీసుకోవలసి వచ్చింది. సదాచారం పేరిట పత్రికలకు ఉత్తరాలు వ్రాసిన పెద్దలు కదిలించలేని ప్రభుత్వాన్ని ఖజానాకు పడిన గండి కదిలించింది.

1965 అక్టోబరు 30న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో గుర్రపుపందేలు జరుగుతున్నాయి. అక్కడి వస్త్రధారణ పోటీకి న్యాయనిర్ణేతగా లండన్ మోడలు జీన్ ష్రింప్టన్ వచ్చింది. ఆమె గౌనుకు కంపెనీ పంపిన బట్ట చాలక, కుట్టిన మనిషి అంచును మోకాలికి నాలుగంగుళాల పైనే ఆపాడు. ఆమె తలకు టోపీ లేదు. చేతులకు తొడుగులు లేవు. కాళ్లకు మేజోళ్లు లేవు. ఆ రోజు గెలిచిన గుర్రం పేరు ఎవరికీ గుర్తులేదు. ష్రింప్టన్ మోకాళ్లు మాత్రం లోకమంతటా పత్రికల మొదటి పుటలకెక్కాయి. ఆశ్చర్యమేమంటే, టోపీ, తొడుగులు లేవన్న కోపం అంచు మీది కోపానికి ఏమాత్రం తీసిపోలేదు. నిలువెల్లా కప్పుకొని, అదనంగా తొడుగులు కూడా వేసుకున్న స్త్రీయే గౌరవనీయురాలన్న లెక్క అది. మూడురోజుల తరువాత జరిగిన పెద్ద పందేనికి ఆమె టోపీ, తొడుగులు, మేజోళ్లు అన్నీ ధరించి వచ్చింది. నగరం ఊపిరి పీల్చుకున్నది. కాని మరుసటి ఏళ్లలో ఆ మైదానానికి వచ్చిన యువతులు అనుకరించింది ష్రింప్టన్ మొదటి వేషాన్నే.

ఫ్రాన్సులో సంగతి మరింత విచిత్రం. లోకానికంతటికీ స్త్రీల వేషాలు నేర్పిన ఆ దేశంలో, వివాహిత స్త్రీ భర్త అనుమతి లేకుండా తన పేర బ్యాంకు ఖాతా తెరవడానికి, ఉద్యోగంలో చేరడానికి హక్కు కల్పించిన చట్టం వెలువడింది 1965 జూలై 13న! కురేజ్ తెల్లని లాగులు తొడిగిన యువతులను చంద్రమండల యాత్రికులవలె నడిపించిన తరువాత ఆ చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరం ఈవ్ సాన్ లారాన్ మగవారి విందుదుస్తులను స్త్రీలకు కుట్టాడు. అదే ఏడు సామాన్య స్త్రీలు కొనగలిగే సిద్ధవస్త్రాల దుకాణాన్ని పారిస్‌లో తెరిచాడు. లాగు తొడుక్కున్న స్త్రీలను కొన్ని పెద్ద భోజనశాలలు లోనికి రానివ్వలేదు. స్త్రీలు పురుషవేషం ధరించాలంటే పోలీసుల అనుమతి ఉండాలని పారిస్‌లో 1800లో వెలువడిన ఆజ్ఞ ఒకటుండేది. సైకిలు తొక్కేవారికి, గుర్రమెక్కేవారికి మినహాయింపు ఇచ్చారు తప్ప ఆ ఆజ్ఞను చాలాకాలం రద్దు చేయలేదు. అది చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వం అధికారికంగా ప్రకటించినది 2013లో. వీధిలో స్త్రీలు ఎప్పుడో కొట్టివేసిన దానిని కాగితం మీద కొట్టివేయడానికి అంతకాలం పట్టింది.

అయినంతమాత్రాన పొట్టి గౌనుకు హారతి పట్టనవసరం లేదు. అంచు పైకి పోతే స్త్రీ పైకి పోయినట్టే అని నమ్మినవారు ఆ దశాబ్దంలో చాలామంది. వారిలో వ్యాపారులు ఎక్కువ. ఆ దశాబ్దంలోనే అమెరికా విమాన సంస్థలు తమ పరిచారికలకు పొట్టి గౌనులను యూనిఫారంగా విధించసాగాయి. బట్ట అదే, కొలత అదే. కాని కింగ్స్ రోడ్డు పిల్ల దానిని తానై కోరుకున్నది. విమానంలోని పిల్లకు అది యజమాని ఆజ్ఞ. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుంది. కొన్ని సంస్థలలో ముప్పైరెండో ఏటనో, ముప్పైఐదో ఏటనో వయసు మళ్లిందని సాగనంపేవారు. ఆ పరిచారికలు 1964 నాటి పౌరహక్కుల చట్టాన్ని ఆధారం చేసుకుని పోరాడితే ఆ నిబంధనలు ఒక్కొక్కటే కూలాయి. వారి పోరాటం అంచుకోసం కాదు, నౌకరీకోసం.

ఇంకొక లోపమున్నది. బిగింపు నడుముపట్టీ పోయిన చోటికి సన్నదనం వచ్చి కూర్చున్నది. 1966లో ట్విగ్గీ అనే పదహారేళ్ల లండన్ పిల్ల లోకానికి ఆదర్శరూపమయింది. 'ట్విగ్' అంటే పుల్ల. పుల్లలా ఉండడానికి సాధారణ స్త్రీలు పస్తులుండసాగారు. పట్టీనైతే రాత్రి విప్పి పక్కన పెట్టవచ్చు. పస్తును ఎక్కడ విప్పి పెడతారు? 1968 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో జరిగిన మిస్ అమెరికా పోటీ ఎదుట కొందరు స్త్రీలు నిరసన తెలుపుతూ నడుముపట్టీలను, ఎత్తుమడమల జోళ్లను, లోదుస్తులను, సౌందర్య పత్రికలను చెత్తతొట్టిలో పడవేశారు. వారు లోదుస్తులను తగలబెట్టారని పుట్టిన వదంతి నేటికీ పాఠాలలోకి సైతం చొరబడుతున్నది. అక్కడ నిప్పు అంటించలేదు. అందాన్ని తూకం వేసే త్రాసు మీద వారి కోపం. ఆ త్రాసు మీద మినీకి కూడా చోటున్నది.

సంతాన నియంత్రణ మాత్ర 1961లో బ్రిటన్‌లో వచ్చింది కాబట్టి మినీకి అదే కారణమనే మాట తరచు వినబడుతుంది. తేదీలు ఆ మాటకు అంతగా సహకరించవు. మొదటి సంవత్సరాలలో ఆ మాత్ర ముఖ్యంగా వివాహితలకే అందింది. అవివాహితలకు కూడా ప్రభుత్వ సహాయంతో అందే మార్గం తెరిచినది 1967 నాటి చట్టం. అప్పటికే మినీ లోకమంతా చుట్టి వచ్చింది.

1966లో క్వాంట్‌కు రాజసత్కారం లభించింది. ఆమె పొట్టి గౌనుతోనే బకింగ్‌హామ్ భవనానికి వెళ్లి పతకం స్వీకరించింది. రెండు సంవత్సరాలు గడిచేసరికి అదే లండన్ శివార్లలో సూదిదారం పట్టిన ఇంకొందరు స్త్రీలు వార్తలకెక్కారు. డాగెన్‌హామ్‌లోని ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో సీట్లకు తొడుగులు కుట్టే 187 మంది వారు. ఆ పనిలో చేరాలంటే కుట్టుమిషను మీద పరీక్ష నెగ్గాలి. అయినా యాజమాన్యం వారిని నైపుణ్యం తక్కువ పనివారి తరగతిలో వేసింది. ఆ తరగతి పురుషులకిచ్చే వేతనంలో 85 శాతం మాత్రమే ఇచ్చింది. కుట్టడం ఆడవారికి పుట్టుకతో వచ్చేదే, అది నైపుణ్యం ఎట్లా అవుతుందన్నది అందులో దాగిన తర్కం. 1968 జూన్ 7న వారు మిషన్లు ఆపి బయటికి వచ్చారు. తొడుగులు లేనిదే సీటు లేదు. సీటు లేనిదే కారు లేదు. ఫ్యాక్టరీ మొత్తం స్తంభించింది. మూడువారాల తరువాత మంత్రి బార్బరా కాసిల్ వారిని పిలిచి తేనీరు ఇచ్చి మాట్లాడింది. వేతనం పురుషుల వేతనంలో 92 శాతానికి పెరిగింది. ఆ సమ్మె ఫలితంగానే 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. అది అమలులోకి రావడానికి 1975 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. తమ కుట్టు నైపుణ్యమేనని ఒప్పించడానికైతే ఆ స్త్రీలు 1984లో మళ్లీ సమ్మె చేయవలసి వచ్చింది.

మేరీ క్వాంట్ చేతిలోని సూది, డాగెన్‌హామ్ స్త్రీల చేతిలోని సూది ఒకటే. ఒకదానికి పతకం వచ్చింది. మరొకదానికి నైపుణ్యం లేదన్న ముద్ర పడింది. 1960లను రంగుల ఛాయాచిత్రాల పుస్తకంగా మాత్రమే చూసేవారికి ఈ రెండవ సూది కనబడదు. కాని కింగ్స్ రోడ్డులో గౌను కొన్న పిల్లకూ, ఆ గౌను కొనగల జీతానికీ మధ్య లంకె ఆ రెండవ సూదిదే.

ఇక రెండవ తగవు. 1970లో రూపకర్తలు, అమెరికాలోని వస్త్రవ్యాపార పత్రికలు కలసి అంచును తిరిగి పిక్కల నడుమకు దించాలని తీర్మానించారు. దాని పేరు 'మిడి'. 1947లో ఫలించిన మార్గాన్నే మళ్లీ పట్టారు. పత్రికలు పొడవు గౌను తప్ప వేరే మాట వ్రాయలేదు. పెద్ద దుకాణాలు మిడి సరుకు నింపాయి. పొట్టి గౌనులు ఇంట్లో ఉన్న స్త్రీలందరూ బీరువాలు ఖాళీ చేసి మళ్లీ కొనక తప్పదని లెక్కలు వేసుకున్నారు.

స్త్రీలు కొనలేదు. డల్లాస్ సంఘంలాంటి సంఘాలు ఈసారీ వెలిశాయి. నిరసన పత్రాల మీద సంతకాలు జరిగాయి. కాని ఈసారి వారి బలం ఊరేగింపులో లేదు. వారి దగ్గర సొంత డబ్బున్నది. దానిని ఖర్చుపెట్టకుండా ఉండగల స్వేచ్ఛ ఉన్నది. ఉద్యోగానికి పోవడానికి నిరుటి గౌనే చాలునన్నారు. సరుకు కదలకపోయేసరికి కొన్ని దుకాణాలు తమ దగ్గర పనిచేసే అమ్మకపు పిల్లలను మిడి ధరించి నిలబడమని ఆజ్ఞాపించాయి. కొనే స్త్రీలు బల్లకు ఇవతల తమకిష్టమైన వేషంలో నిలుచున్నారు. అమ్మే స్త్రీలు బల్లకు అవతల యజమాని కోరిన వేషంలో నిలుచున్నారు. ఆ బల్ల వెడల్పు రెండడుగులకు మించదు.

చివరికి మిడి గౌనులు సగం ధరలకు దిగాయి. వాటిని ఆనుకుని ఉన్న అరలలో, ఏ పత్రికా ఆజ్ఞాపించని లాగులు చడీచప్పుడు లేకుండా అమ్ముడుపోయాయి.